పట్నం సువర్చల

బరంపురంలో కోణార్క్ ఎక్కి సికింద్రాబాదులో దిగిన రోజు
నా దగ్గర రెండు లిపులున్నాయి, ఒక్క చిరునామా లేదు.
అక్కడ మమ్మల్ని తెలెంగా అనేవారు.
ఇక్కడ డెస్కులో నా నోట "ఏటి?" అని జారితే చాలు
నాలుగు కుర్చీలు కిర్రుమని తిరిగేవి.

ఈ నగరం నాకు ముందు సెంటీమీటర్లలో తెలిసింది.
కుక్కకాటుకు నాలుగు.
నీళ్ళ ట్యాంకరు కింద పడ్డ ముసలాయనకి ఐదు.
మంత్రిగారు మొక్క నాటితే పావుపేజీ.
వీధుల్ని చూడకముందే వాటి గోతులు నాకు కంఠస్థం.

ఆ వానాకాలం, బోరబండ సైట్-త్రీలో
మూతలేని మ్యాన్‌హోల్ ఒక పిల్లాడిని తీసుకుంది.
ఆరు సెంటీమీటర్లు. శీర్షిక నాదే,
రాత్రి పదకొండున్నరకి, చల్లారిన టీ పక్కన పెట్టుకుని.
మా వైపు గుంటడంటే పిల్లాడు.
ఇక్కడ గుంటంటే గొయ్యి.

మూడో రోజు గేటు దగ్గర ఒకామె, జాహెదా బీ.
చేతిలో నాలుగు మడతల పేపరు.
"హర్షద్ ఎవరమ్మా? మావాడు ఇర్షాద్.
గుంటలో పడ్డది మావాడు, పేపర్ల పడ్డది ఎవరో."
ఏడవలేదు. అరవలేదు.
చదువు రాదామెకి, ఎవరో పేరు కింద గీత గీసిచ్చారు.
ఆ గీత మీద వేలు మాత్రం వణికింది.

సవరణ వేశాం. రెండు పంక్తులు, రాశిఫలాల కింద.
చూపించడానికి నేనే వెళ్ళాను.
మ్యాన్‌హోల్ మీద పాత తలుపు చెక్క, చెక్క మీద రాయి,
రాయికి ఎవరో చుట్టిన ఎర్రగుడ్డ.
బల్దియా ఆఫీసులో ఇంజినీరు ఫైలు తిప్పుతూ
"మూత వేసేశాం మేడమ్" అన్నాడు. కాగితం మీద నిజమే.
ఆ సంగతి రాస్తే మా ఇన్‌చార్జి యాడ్ల వైపు చూసి
"ఈసారికి వదిలెయ్" అన్నాడు.
ఎన్ని ఈసారులో.

వార్తలు ఆగిన చోట అర్జీలు మొదలయ్యాయి.
ఆదివారాలు జాహెదా బీ గడపలో కూర్చుని రాసేదాన్ని,
పింఛనుకి, నల్లాకి, వెలగని దీపానికి.
వార్తలో "ఆరోపించారు" అని తప్పుకునే చోట
అర్జీలో సంతకం పెట్టాలి.
ఆ తేడాయే నన్ను ఉద్యోగం మాన్పించింది.

ఇల్లు అక్కడే తీసుకున్నా.
ఓటరు జాబితాలో పేరెక్కడానికి ఏడాదిన్నర.
నిలబడమన్నది ఇస్త్రీబండి నర్సవ్వ.
"రాసుడైతే ఐంది గద, ఇగ నిలవడు."
గుర్తుగా పెన్ను అడిగితే లేదన్నారు, కత్తెర ఇచ్చారు.
నవ్వొచ్చింది. పదకొండేళ్ళు డెస్కులో నేను పట్టింది అదే.

మైకుల్లో నన్ను బరంపురం పార్సిల్ అన్నారు.
పర్లాకిమిడి మేస్త్రీలు నా "ఏటి" విని పరంజా దిగొచ్చారు,
సిమెంటు చేతులతోనే దండం పెట్టారు.
"ఓటు ఊళ్ళో ఉండిపోనాది అక్కా" అన్నారు.
ఇళ్ళు కట్టేది మాత్రం ఇక్కడ.
లెక్కకు రాని ఆ పదహారుమందితో
ఆ పూట చద్దన్నం తిన్నాను. ఉల్లిపాయ బాగుంది.

గెలవలేదు. ఎనిమిది వందల డెబ్బై నాలుగు.
డిపాజిట్టు కూడా బల్దియాకే.
మర్నాడు మా పాత పేపర్లో, చివరి వరసలో,
పొట్నూరు సువర్చల కాస్తా పట్నం సువర్చల అయింది.
రాత్రి డ్యూటీలో ఎవరో కొత్తవాడై ఉంటాడు.
టీ చల్లారి ఉంటుంది.

నర్సవ్వ పగలబడి నవ్వింది. "మంచిగనే ఉన్నది, ఉంచుకో."
నాకూ ఉంచుకోవాలనే ఉంది.
ఓడిపోయినదానికి ఊరే ఇంటిపేరుగా వచ్చిందని
లోలోపల కొంచెం గర్వం కూడా.
జాహెదా బీ మాత్రం పేపరు నాలుగు మడతలు పెట్టి చెప్పులేసుకుంది.
"పద. ఆఫీసు నాకు తెలుసు."
ఉండనీలే, అన్నాను.
ఆమె ఏమీ అనలేదు, నన్ను చూసింది.
సిగ్గేసి లేచాను.

ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది.
జాహెదా బీ బయటికి వంగి రోడ్డు అంచుకేసి చూసి
"దీనికీ మూత లేదు" అంది.
పెన్ను కోసం సంచీలో వెతుక్కున్నా.